వెనక బెంచీలో కొత్తవాళ్లు

మా చర్చిలో పియానో గోడవారగా, కాస్త అడ్డంగా ఉంటుంది. దాని ముందు కూర్చుంటే ఒకవైపు ప్రసంగ వేదిక, ఇంకోవైపు వెనక తలుపు రెండూ కనబడతాయి. ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు కునుకు తీస్తున్నారో, కానుకల పళ్లెం తన దగ్గరికి వచ్చే వేళకి ఎవరు సరిగ్గా కళ్లు మూసుకుని గాఢమైన ప్రార్థనలోకి వెళ్లిపోయారో అన్నీ నాకు తెలుస్తాయి. మా ఊరు డాబ్స్ క్రాసింగ్‌లో కొంతమంది నన్ను చూసి వీధి దాటి అవతలికి పోవడానికి కారణం అదే. నా పేరు వెర్లీన్. నాకు నోరెక్కువని అంటారు. అనేవాళ్లలో మొదటివాడు మా అన్నయ్య ఆర్విల్. ఊళ్లో దాణా కొట్టు అతనిదే, చర్చిలో పెద్దరికమూ అతనిదే. రెండు చోట్లా తూకం తనే వేస్తానంటాడు.

మా పాస్టరు హోలిస్ ట్రామెల్ గారు మా దగ్గరికి వచ్చేముందు అలబామాలో చేశారు, దానికి ముందు జార్జియాలో, అంతకుముందు ఇంకెక్కడో. ప్రతిచోటా దేవుడి పిలుపు వచ్చిందనే చెప్పి బయల్దేరారు. ఆ పిలుపు వచ్చిన ప్రతిసారీ ఉన్న చర్చికంటే కాస్త పెద్ద చర్చి నుంచే వచ్చింది. చిన్న చర్చి నుంచి పిలిచినప్పుడు దేవుడి గొంతు ఆయనకి సరిగా వినబడేది కాదనుకుంటాను. మేం పిలిచినప్పుడు మాత్రం వినబడింది, ఎందుకంటే మాకు అప్పుడే కొత్తగా గంటగోపురం కట్టారు.

వచ్చిన కొత్తలో బాగా చెప్పేవారు. తర్వాత చప్పబడ్డారు. ఆదివారం ప్రసంగం అంటే చల్లారిన జావ తాగినట్టుండేది. ఓర్పు గురించి మొదలుపెట్టి మా ఓర్పుని పరీక్షించేవారు. మనిషి ఇక్కడే ఉన్నా మనసు ఊళ్లో లేదని అందరికీ తెలుసు. తన పాత ప్రసంగాల క్యాసెట్లు ఎక్కడెక్కడి చర్చిలకో పోస్టులో పంపుతున్నారని పోస్టాఫీసు ఆవిడ నాకు చెప్పింది. చెప్పకూడదనుకోండి, కానీ చెప్పింది.

మా వైపు చర్చిలకి పాస్టర్ని పైనుంచి ఎవరూ పంపరు. సంఘమే వెతుక్కోవాలి. పాస్టరు లేని సంఘం నలుగురిని ఎన్నుకుంటుంది. ఆ నలుగురూ ఆదివారాలు కారెక్కి ఒక్కో ఊరు వెళ్లి, అక్కడి పాస్టరు ప్రసంగం వెనక బెంచీలో కూర్చుని వింటారు. నచ్చితే తమ సంఘం ముందు ఒకసారి ప్రసంగం చెప్పించి, ఓటు వేసి తీసుకుపోతారు. అచ్చం పెళ్లిచూపులే, కాకపోతే పెళ్లికూతురికి అప్పటికే మొగుడుంటాడు. వీళ్లని నేను చూపులవాళ్లు అంటాను. గుర్తుపట్టడం కష్టం కాదు. ఆ ఊరివాళ్లకంటే ఒక మెట్టు ఎక్కువ బట్టలు వేసుకుంటారు. ఒకే కారులోంచి దిగి, ఒకరికొకరు తెలియనట్టు ఇద్దరిద్దరుగా కూర్చుంటారు. ఏ ఊరని అడిగితే ఇటుగా వెళ్తూ ఆగామంటారు. పాట పాడేటప్పుడు పాటల పుస్తకంలోకి చూడరు, పాస్టరు భార్య వైపు చూస్తారు.

అలాంటివాళ్లు అప్పటిదాకా మా చర్చికి ఎప్పుడూ రాలేదు. వచ్చినట్టు అనిపించింది మాత్రం ఒకసారి. ఎండాకాలం చివర్లో ఒక ఆదివారం పాట మధ్యలో తలుపు తెరుచుకుని నలుగురు లోపలికి వచ్చారు. మగవాళ్లు కోట్లలో, ఆడవాళ్లు టోపీల్లో. వెనక బెంచీలో కూర్చున్నారు. వేదిక మీద పాస్టరు గారి వీపు ఒక్కసారిగా నిటారుగా అయింది. చేతిలో ఉన్న కాగితాలు మడిచి జేబులో పెట్టేశారు. తన తాత టెన్నెసీ కొండల్లో బండరాయిలో బావి తవ్విన కథ మొదలుపెట్టారు. ఊరంతా నీళ్లు పడవని నవ్వినా ముసలాయన సుత్తి దించలేదట. ఆ కథ మేం ఎప్పుడూ వినలేదు. ఆయన గొంతులో అంత బలం ఉందనీ మాకు తెలియదు. నీళ్లు పడే చోటికి వచ్చేసరికి చర్చి అంతా ముక్కులు చీదుకుంటోంది. మా అన్నయ్య ఆర్విల్ మెలకువగా ఉన్నాడు.

ఆశీర్వాదం అవగానే పాస్టరు గారు దాదాపు పరుగెత్తి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ నలుగురిలో పెద్దాయన చెయ్యి కలిపి, ఇక్కడ దగ్గర్లో కారు బాగుచేసేవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. పెళ్లికి వెళ్తుంటే దారిలో కారు ఆగిపోయిందట. ఎండకి తట్టుకోలేక లోపల కూర్చున్నారట.

ఊరు వారం రోజులు నవ్వుకుంది. మా అన్నయ్య నవ్వలేదు, ఆలోచించాడు. నన్ను దాణా కొట్టుకి పిలిచి బస్తా మీద కూర్చోబెట్టాడు.

"వెర్లీనూ, ఆ మనిషి దగ్గర సరుకుంది. మనకి వెయ్యటం లేదు, అంతే" అన్నాడు.

"అయితే ఏం చేస్తావు, గట్టిగా అడుగుతావా?"

"అడిగితే మళ్లీ ఓర్పు గురించి చెప్తాడు. వెనక బెంచీలో కొత్తవాళ్లుంటేనే ఆయన నోరు విప్పుతాడు. ఆ కొత్తవాళ్లని మనమే కూర్చోబెడదాం."

ఇది మోసం కాదా అన్నాను. మోసం ఎలా అవుతుంది, చర్చికి నలుగురిని రప్పించడం పుణ్యమే కదా అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. ఆ జావ తాగి తాగి నాకూ విసుగెత్తింది.

పక్క కౌంటీలో అన్నయ్యకి బావమరిది ఉన్నాడు, గడ్డి కోసే యంత్రాలు బాగుచేస్తాడు. మనిషి ఆరడుగులు, నెరిసిన జుట్టు, చూడ్డానికి బ్యాంకు పెద్దలా ఉంటాడు. మొదట అతన్నీ, అతని భార్యనీ, వాళ్ల పొరుగువాళ్లనీ రప్పించాడు. ఎలా కూర్చోవాలో, ఎప్పుడు తలాడించాలో, ఎక్కడ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలో కొట్టులో నేర్పించాడు. ఏ ఊరంటే ఇటుగా వెళ్తూ ఆగామనాలి. ప్రసంగం అయ్యాక పాస్టరుకి దొరక్కుండా జారుకోవాలి. దానికి కూలి ఆదివారం మా వదిన చేతి కోడి వేపుడు, మెత్తటి బిస్కెట్ రొట్టెలు, వాటి మీదకి గ్రేవీ, కావలసినంత చల్లటి స్వీట్ టీ.

పని చేసింది. ఆ ఆదివారం పాస్టరు గారు మళ్లీ బావి తవ్వారు. ఇంకో ఆదివారం వేరే నలుగురు వచ్చారు, ఆయన వరదలో కొట్టుకుపోయిన వంతెన మీద ప్రసంగించారు. చలికాలం వచ్చేసరికి మా చర్చిలో వెనక బెంచీ ఖాళీగా ఉన్న ఆదివారం లేదు. మంచి ప్రసంగాలని పేరు పాకి పొరుగు ఊళ్లనుంచి నిజంగానే జనం రాసాగారు. వాళ్లలో ఎవరు మావాళ్లో ఎవరు కాదో చివరికి మా అన్నయ్యకే సరిగా తెలిసేది కాదు. పాస్టరు గారు బూట్లకి పాలిష్ వేయించుకున్నారు. దారిలో కనబడితే ఈల వేసుకుంటూ పోయేవారు.

ఇంతటితో ఊరుకుంటే మా అన్నయ్య మా అన్నయ్య ఎందుకవుతాడు. ఇంత బాగా చెప్పే పాస్టర్ని ఎవరో ఒకరు ఎగరేసుకుపోతారని అతనికి భయం పట్టుకుంది. ముందుజాగ్రత్తగా తనూ ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని, ఫిబ్రవరిలో ఒక ఆదివారం జలుబని చెప్పి చర్చి ఎగ్గొట్టి, పొరుగు కౌంటీలో ఒక కుర్ర పాస్టరు ప్రసంగం వినడానికి వెళ్లాడు. ఉన్నాయన పోతాడేమోనని కొత్తాయన్ని చూసుకుంటున్నాడు. ఉన్నాయన కొత్త చర్చి చూసుకుంటున్నాడని కోపం. నేను ఆ మాట అంటే, సంఘం బాగు చూడటం వేరు, స్వార్థం వేరు అన్నాడు. రెండింటికీ తేడా చెప్పమంటే కొట్టుకి ఎవరో వచ్చారని లేచిపోయాడు.

నాకు మనసులో పీకుతున్నది మాత్రం పాస్టరు భార్య గురించి. జెనీవా మెత్తటి మనిషి. పిల్లల బడి ఆమే చూస్తుంది, ఆడవాళ్ల కూడిక ఆమే నడుపుతుంది, నాకు వేళ్లు పట్టేసిన రోజు పియానో కూడా ఆమే వాయిస్తుంది. వీటిలో దేనికీ ఎవరూ ఆమెకి ఏమీ ఇవ్వరు. మార్చి మొదట్లో ఒక పొద్దున, పాస్టరుకి చర్చి ఇచ్చిన ఇంటికి వెళ్తే, దొడ్లో మోకాళ్ల మీద కూర్చుని ఒక మడిలో ఎండిపోయిన కొమ్మలు కత్తిరిస్తోంది. వసారాలో ఖాళీ అట్టపెట్టెలు గుట్టగా పేర్చి ఉన్నాయి. మా అన్నయ్య కొట్టువే.

ఆ పెట్టెలెందుకన్నాను.

"ఆయన తెచ్చారక్కా. ఇవాళో రేపో పిలుపొస్తుందట. ఈ ఏడు ఏమీ నాటొద్దన్నారు."

ఆ మడి ఏమిటని అడిగితే ఆస్పరాగస్ అంది. అది అన్ని కూరల్లాంటిది కాదు, మట్టిలోంచి లేచే లేత మొలకలే తింటారు. నాటిన మొదటి ఏడు కొయ్యకూడదు, రెండో ఏడూ కొయ్యకూడదు, వేరు బలం పుంజుకున్నాక మూడో వసంతానికి కొయ్యాలి. ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే వస్తుంది. పెళ్లైన దగ్గర్నుంచి జెనీవా వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ఒక మడి వేసింది. ఒక్క ఊళ్లోనూ కొయ్యలేదు. మూడో వసంతం రాకముందే సామాను సర్దేవారు. వెనక వచ్చిన పాస్టరు కుటుంబాలు తిన్నాయి. జార్జియాలో ఒకావిడ చాలా రుచిగా ఉందని ఉత్తరం కూడా రాసిందట. ఒకసారి అయితే, కొయ్యని కొమ్మలు ఈకల్లా పెరిగి ఊగుతుంటే పిచ్చి మొక్కలనుకుని హోలిస్ గారే గడ్డితో పాటు కోసేశారట.

"ఇది మూడో ఏడక్కా" అంది. "ఏప్రిల్ నెలాఖరుకి మొలకలొస్తాయి. అప్పటిదాకా ఆగితే చాలు."

నాకు సిగ్గేసింది. మేం కూర్చోబెట్టిన వెనక బెంచీ వల్లే కదా ఆ పెట్టెలు వసారాకి చేరాయి. ఉన్నదంతా చెప్పేశాను. అన్నయ్య, బావమరిది, కోడి వేపుడు అన్నీ. ఆమె కత్తెర పక్కన పెట్టి నవ్వింది.

"నాకు ఎప్పుడో తెలుసక్కా. కొత్తవాళ్లొచ్చిన ప్రతి ఆదివారమూ ముందురోజే మీ వదిన నా దగ్గర పెద్ద పళ్లెం అరువు తీసుకెళ్తుంది. నిజంగా పాస్టర్ని చూసుకోడానికి వచ్చేవాళ్ల కంటే మీవాళ్లే నయం. మీవాళ్లు వింటారు, తింటారు, పోతారు. మమ్మల్ని ఎక్కడికీ తీసుకుపోరు."

ఆ మాట విన్నాక నాకు బరువు దిగింది. ఆమె ఏప్రిల్ దాటాలి, అంతే. దానికోసం ఇంకో వందమందిని వెనక బెంచీలో కూర్చోబెట్టడానికైనా సిద్ధపడ్డాను.

కానీ ఆ శనివారమే కథ అడ్డం తిరిగింది. పాస్టరు గారి గడ్డి యంత్రానికి బెల్టు తెగింది. మా ఊళ్లో దొరక్క పక్క కౌంటీకి వెళ్లారు. ఎవరి కొట్టుకి వెళ్తారు మరి. బల్ల వెనక గ్రీజు చేతులతో నిలబడ్డ మనిషిని చూసి, బ్యాంకు పెద్ద ఇక్కడేం చేస్తున్నాడా అని ఆయన నోరు తెరిచారట. ఆ బావమరిదికి కడుపులో మాట దాగదు. "అయ్యగారూ, ఆ బావి ప్రసంగం అంటే నాకు ప్రాణమండీ. మా బావ మళ్లీ ఎప్పుడు రమ్మంటాడా అని చూస్తున్నాం" అనేశాడట. పాస్టరు గారు బెల్టు తీసుకోకుండానే వెళ్లిపోయారట. బావమరిది అన్నయ్యకి ఫోన్ చేశాడు, అన్నయ్య నాకు చేశాడు. అతని గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. రేపేం చేస్తావంటే, దేవుడే దిక్కన్నాడు.

ఆదివారం పాస్టరు గారు ఎవరికీ చెయ్యి ఇవ్వకుండా నేరుగా వేదిక ఎక్కారు. నేను రెండో పాట వాయిస్తున్నాను, వెనక తలుపు తెరుచుకుంది. నలుగురు. చక్కటి బట్టలు. ఇద్దరిద్దరుగా విడిపోయి కూర్చున్నారు. అన్నయ్యకి ఈ ఒక్క వారమన్నా మానుకునే బుద్ధి లేదా అని ఒళ్లు మండిపోయింది. అతను ముందు వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు, వెనక్కి చూసే ధైర్యం లేక.

పాస్టరు గారు కాగితాలు తియ్యలేదు. కళ్లు నేరుగా వెనక బెంచీ మీద పెట్టారు.

"వెనకాల కూర్చున్న నలుగురికీ స్వాగతం. మీరెవరో నాకు తెలుసు. ఇవాళ మీ భోజనం ఎవరింట్లోనో కూడా తెలుసు. కాబట్టి బావి తవ్వను. ఉన్న మాట చెప్తాను."

ఆయన మొదట తనని తనే దులిపేసుకున్నారు. ఇన్నేళ్లూ ఏ ఊళ్లోనూ కాపురం చెయ్యలేదు, లాడ్జీలో దిగినట్టు దిగాను, బూట్లు విప్పకుండా పడుకున్నాను అన్నారు. మీలో ఎవరైనా చనిపోతే, సమాధి దగ్గర నిలబడి కూడా నేను పంపిన క్యాసెట్టు ఆ చర్చివాళ్లకి చేరిందా లేదా అనే ఆలోచించాను అన్నారు. ఆ మాటకి ముందు వరుసలో ఒక ముసలావిడ ఏడ్చింది. పోయింది ఆవిడ మొగుడే.

తర్వాత మా మీదకి తిరిగారు.

"మీరూ తక్కువేం తినలేదు. బ్రదర్ ఆర్విల్‌కి ఫిబ్రవరిలో జలుబు చేసింది. ఆ జలుబుతోనే పక్క కౌంటీ వెళ్లి ఓ కుర్రాడి ప్రసంగం విని వచ్చారు. నాకెలా తెలుసంటారా? ఆ కుర్రాడే నాకు ఫోన్ చేసి, అయ్యగారూ, మీ చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందని అడిగాడు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మా అన్నయ్య చెవులు టమాటాల్లా ఎర్రబడ్డాయి.

"నేను తలుపు వంక చూస్తున్నాను, మీరూ తలుపు వంకే చూస్తున్నారు. ఇవాళ్టితో ఇది ఆపుదాం. నేను ఎక్కడికీ పోను. నన్ను ఈ ఊరి మట్టిలోనే పెట్టండి. మీరు నన్ను భరించండి, నేను మిమ్మల్ని భరిస్తాను."

ఆయన ఏడుస్తున్నారు. మేమందరం ఏడుస్తున్నాం. నేను ఊరికే ఏడ్చే మనిషిని కాను, పియానో మీటలు తడిసిపోయాయి. మా అన్నయ్య లేచి వెళ్లి ఆయన్ని కౌగిలించుకున్నాడు. ముందు బెంచీలో జెనీవా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎవరో చాలాకాలానికి తన పేరు పెట్టి పిలిచినట్టు కూర్చుంది. ఆ ముఖం చూసి నాకు సంతోషం వేసింది. నిజంగా వేసింది.

చివరి పాటయ్యాక నేను అన్నయ్య చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, నీవాళ్లని ఇవాళన్నా రావద్దనలేకపోయావా అన్నాను. అతను వెనక బెంచీ వైపు చూశాడు. అప్పుడే మొదటిసారి చూశాడు.

"వీళ్లు నావాళ్లు కాదు" అన్నాడు.

ఆ నలుగురిలో తెల్లజుట్టు పెద్దావిడ అప్పటికే పాస్టరు గారి చేతులు రెండూ పట్టుకుని ఉంది. నాక్స్‌విల్ నగరంలో ఒక చర్చి పేరు చెప్పింది. మా చర్చిలాంటివి నాలుగు అందులో పట్టేస్తాయి. ఇక్కడి ప్రసంగాల గురించి చుట్టాలు చెప్తే విని వచ్చారట.

"ఏడాదిగా తిరుగుతున్నామండీ" అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "ప్రతివాళ్లూ పెట్టె సర్దుకుని రెడీగా ఉన్నవాళ్లే. కదలననే పాస్టరు కోసమే మేం వెతుకుతున్నాం. ఇవాళ దొరికారు. మా దగ్గరికి రండి."

పాస్టరు గారి ముఖంలో ఇంకా కన్నీళ్లు ఆరలేదు. ఆ కన్నీళ్లతోనే, ప్రార్థన చేసి చెప్తానన్నారు.

సోమవారం జెనీవా, ఎక్కడికీ పోనన్న ఆయన మాట నమ్మి, ఆపిల్ మొక్కలకి డబ్బు కట్టి వచ్చింది. బుధవారానికల్లా పాస్టరు గారికి దేవుడు జవాబిచ్చేశాడు. ఆయన ఆ విషయం భార్యకి వంటింట్లో చెప్పేటప్పుడు నేను అక్కడే ఉన్నాను, మా వదిన అరువు తెచ్చిన పళ్లెం తిరిగివ్వడానికి వెళ్లి. ఇది తన ఇష్టం కాదన్నారు. తను ఉండిపోదామనే అనుకున్నానన్నారు. కానీ అడగకుండా వచ్చిన పిలుపు కాబట్టి ఇదే అసలైన పిలుపన్నారు.

జెనీవా అంట్లు తోమడం ఆపలేదు.

"ఆదివారం మీరు చెప్పింది నేను విన్నానండీ. అందరూ విన్నారు. బుధవారం దేవుడు చెప్పింది మాత్రం నాకు వినబడలేదు. మీరు వెళ్లి రండి."

"నువ్వు రాకపోతే ఎలా? అక్కడి సంఘమంతా చూస్తుంది. ఓటు వేస్తారు."

"మొలకలొచ్చే వేళ. నేను రాను."

ఏ మొలకలని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇన్నేళ్లలో ఆమె ఆయనకి రానని చెప్పడం అదే మొదటిసారట. ఆయన నా వైపు చూశారు, నేను పళ్లెం వైపు చూశాను.

నాక్స్‌విల్‌లో సంఘం ముందు ప్రసంగించి ఓటు వేయించుకునే ఆదివారం ఆయన ఒక్కరే వెళ్లారు. పొరుగూళ్లో స్నేహితుణ్ణి చూడబోతున్నానని మాకు చెప్పారు. మా అన్నయ్య నమ్మలేదు. ఆ ఆదివారమే వచ్చి మా వేదిక ఎక్కమని పక్క కౌంటీ కుర్రాడికి కబురు పెట్టాడు. కౌగిలించుకున్నప్పటి తడి చొక్కా మీద ఇంకా ఆరకముందే. కుర్రాడు వస్తానన్నాడు. ఆదివారం పొద్దున ఫోన్ చేసి రానన్నాడు. మా పిలుపు సంగతి తెలియగానే అతని సంఘం కంగారుపడి అతని ఇంటికి కొత్త పైకప్పు వేయిస్తామందట. దాంతో ఉన్నచోటే ఉండమని దేవుడు చెప్పాడట. ఆ రోజు మాకు ప్రసంగం చెప్పడానికి ఎవరూ లేక మా అన్నయ్యే నిలబడ్డాడు. వానల గురించి చెప్పాడు. వెనక బెంచీ ఖాళీగా ఉంది.

నాక్స్‌విల్‌లో ఏం జరిగిందో నాకు జెనీవా చెప్పింది. ఆమెకి ఆ తెల్లజుట్టు పెద్దావిడే ఫోన్ చేసిందట. ప్రసంగం అద్భుతమట. ఎక్కడికీ కదలనన్న ప్రసంగాన్నే ఆయన అక్కడ మళ్లీ చెప్పారట, ఊరి పేరు మార్చి. కానీ భోజనాల దగ్గర అందరూ పాస్టరు గారి భార్య ఏరని అడిగారట. పిల్లల బడి ఎవరు చూస్తారు, ఆడవాళ్ల కూడిక ఎవరు నడుపుతారు, పియానో ఆవిడ రాని రోజు ఎవరు వాయిస్తారు అని గుసగుసలు మొదలయ్యాయట. ఆవిడ నొచ్చుకుంటూ, "ఏమనుకోకమ్మా, మేం ఇద్దరికీ కలిపి ఒక జీతం అనుకున్నాం" అందట.

"ఇక్కడా అంతేనండీ" అందట జెనీవా.

ఆ ఓటులో ఆయన నెగ్గలేదు.

తర్వాతి ఆదివారం పాస్టరు గారు వేదికెక్కి, ఒక పెద్ద నగరం నుంచి పిలుపు వచ్చిందనీ, తను మాకిచ్చిన మాట గుర్తుకొచ్చి తిరిగి వచ్చేశాననీ చెప్పారు. అందులో అబద్ధం వెతకాలంటే కష్టమే. వెళ్లింది నిజం, తిరిగొచ్చింది నిజం. సంఘం అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మా అన్నయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు, చప్పట్లలో కుర్రాడి మాట కొట్టుకుపోతుందని కాబోలు. ఆ నెలలోనే ఆయనకి ఇత్తడి ఫలకం ఒకటి చేయించారు. విశ్వాసపాత్రుడని దాని మీద చెక్కించారు. నేను చప్పట్ల మధ్య జెనీవా వైపు చూశాను. ఆమె కూడా కొడుతోంది, మెల్లగా, వేళ్లకి మట్టితో.

ఏప్రిల్ నెలాఖరులో జెనీవా నన్నూ అన్నయ్యా వదినల్నీ భోజనానికి పిలిచింది. వసారాలో పెట్టెలు లేవు. దొడ్లో ఆపిల్ మొక్కలు వరసగా నాటి ఉన్నాయి. బల్ల మధ్యలో మా వదిన అరువు తీసుకెళ్లే పెద్ద పళ్లెం, దాని నిండా పచ్చగా, లేతగా, వెన్న కారుతూ ఆస్పరాగస్. ఆ పొద్దునే కోసింది. ఇన్నేళ్లలో ఆమె తన చేత్తో నాటి, తన చేత్తో కోసిన మొదటి కాపు. అందరికీ వడ్డించింది. తను ఒకటి తీసుకుని కళ్లు మూసుకుని నమిలింది. మాట్లాడితే ఏడుస్తానని నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం చూసి అన్నయ్య కంగారుపడ్డాడు.

పాస్టరు గారు ఒకటి తిన్నారు, ఇంకోటి తిన్నారు. మూతి తుడుచుకుని మెచ్చుకోలుగా భార్య వైపు చూశారు.

"చాలా బాగుంది జెనీవా. ఇన్నేళ్లూ ఒక్కసారైనా ఇది వండలేదేం?"

జెనీవా ఆయన ముఖంలోకి కాసేపు చూసింది.

"కుదరలేదండీ" అని పళ్లెం ఆయన వైపు జరిపింది.